హ్యాంక్ పడుకున్నాడు

మే 28, 1978
ఇల్లినాయ్, బళ్ళ మకాం నుంచి

ఓపల్‌కి,

కవరు మీద నా చేతిరాత చూసి, క్రిస్మస్ ఇంకా ఏడు నెలలుందే, దీనికేమొచ్చింది అనుకుంటున్నావు కదూ. కంగారుపడకు, ఎవరూ పోలేదు. నేను రిటైరయ్యాను, అంతే. ముప్పై ఒక్క ఏళ్ళు బడి వంటింట్లో మూడొందల మంది పిల్లలకి వండిన గరిటె పక్కన పెట్టేశాను. పెట్టిన వారానికే ఒక మోటార్‌హోం కొన్నాను. ఎవరో వాడి అమ్మేసినదే. ఇరవై నాలుగు అడుగుల పొడుగు. లోపల పొయ్యి, ఫ్రిజ్, మంచం, స్నానాల గది. అరవై రెండేళ్ళ ఒంటి మనిషికి ఇంతకన్నా ఇల్లెందుకు చెప్పు? ఒహాయోలో ఉన్న వాటా ఖాళీ చేసి బయల్దేరాను. ఎక్కడికనుకున్నావు? నీ దగ్గరికే.

ఇన్నాళ్ళూ నేను నడిపింది చిన్న కారు. ఇదేమో వంటింట్లో కూర్చుని వంటింటినే నడిపినట్టుంటుంది. మొదటి రోజు అలమరా తలుపులకి గడియలు వెయ్యడం మరిచిపోయాను. మొదటి మలుపులోనే పిండి డబ్బా, దాని మీద తేనె సీసా కింద పడ్డాయి. ఆ ముద్ద గీకడానికి సాయంత్రం దాకా పట్టింది. రెండో రోజు కరెంటు తీగ పీకకుండా బయల్దేరాను. రాత్రికి బళ్ళు నిలుపుకోనిచ్చే మకాం యజమాని చేతులు ఊపుతూ నా వెనకాల పరిగెత్తుకొచ్చాడు. ఎంత మర్యాదస్తుడో అనుకుని నేనూ చెయ్యి ఊపాను. మూడో రోజు మురుగు గొట్టం సంగతి. అది రాయను. నువ్వు భోంచేస్తూ ఉత్తరాలు చదువుతావని నాకు తెలుసు.

ఇక్కడ బ్యూలా అని ఒక పెద్దావిడ దొరికింది. తొమ్మిదేళ్ళుగా ఒక్కతే బండిలో తిరుగుతోంది. "ఏమ్మా, కొత్తదానివా? నీ దగ్గర ఇంకా పిండి వాసనే వస్తోంది," అంటూ వచ్చి కూర్చుంది. బండి ఎత్తు కాగితం మీద రాసి కళ్ళెదురుగా అంటించుకోమంది. పది అడుగుల నాలుగంగుళాలు. వంతెన కనబడగానే అది పైకి చదువుకోవాలిట. ఆగిన చోటల్లా చక్రాల కింద చెక్కలు పెట్టి బండిని సమంగా నిలపాలి, లేకపోతే ఫ్రిజ్ పని చెయ్యదు. ఆవిడ దానికో పరికరం వాడుతుంది. నేను పొయ్యి గట్టు మీద గుడ్డు పెట్టి చూస్తాను. కదలకపోతే సమంగా ఉన్నట్టు. దొర్లితే ఆ పూటకి ఆమ్లెట్.

మేం మెల్లిగా వస్తాం. మీ ఇంటికి దారి రాసి నెబ్రాస్కాలో నార్త్ ప్లాట్ పోస్టాఫీసుకి పంపు. మనిషి వచ్చి తీసుకుంటుందని రాస్తే నేను వెళ్ళేదాకా దాచి ఉంచుతారు.

నిన్ను చూసి తొమ్మిదేళ్ళు దాటింది. నాకు చూడాలని ఉంది.

నీ అక్క
వెర్డా


జూన్ 9, 1978
ఓరెగాన్

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి భోంచేస్తూనే.

వస్తానన్నావు, సంతోషం. ఎనిమిదేళ్ళ కిందట గ్లెన్ పోయినప్పుడు కూడా వస్తాననే టెలిగ్రాం ఇచ్చావు. మర్నాడు ఫోన్ చేసి, బడిలో పిల్లలకి వండేవాళ్ళు లేరన్నావు. నా మొగుణ్ణి పాతిపెట్టిన రోజు నీ పిల్లలు ఏం తిన్నారో నాకిప్పటికీ తెలియదు. అందుకని ఈసారి నీకు పక్క పరచలేదు. నువ్వు కంటికి కనబడ్డాక పరుస్తాను.

ఇక దారి. పెద్ద రోడ్డు మీద మా పేరున్న ఉత్తరాల డబ్బా కనబడుతుంది. అక్కణ్ణించి ఇంటిదాకా తోట దారి పావుమైలు. రెండు పక్కలా మా హేజల్ కాయల చెట్లు, ఎడమ పక్క కాలవ. చివర్న ఇల్లు. తిప్పుకోవడానికి ఎక్కడా చోటు లేదు. గ్యాసు బండివాడైనా, ఎరువుల లారీ అయినా రోడ్డు మీద నుంచి రివర్స్‌లోనే లోపలికొస్తారు. లేదంటే వెళ్ళేటప్పుడు రివర్స్‌లో వెళ్ళాలి. నువ్వూ అంతే. అక్టోబరు నడుమ వానలు మొదలవుతాయి. అప్పుడు దారంతా బురద. నీ ఇల్లు నా కాలవలో ఉంటుంది. వస్తే ఆలోపలే రావాలి.

ఓపల్

తా.క. మురుగు గొట్టం సంగతి రాయి.


జూన్ 24, 1978
నార్త్ ప్లాట్

ఓపల్‌కి,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. గొట్టం బిగించానో లేదో చూడకుండా మీట లాగాను. అంతే. నా మంచి చెప్పులు అక్కడే వదిలేసి వచ్చాను. ఊరికే ఇస్తానన్నా వాటిని ఎవరూ తీసుకోరు.

ఇక్కడ సాయంత్రం నాలుగైందంటే అందరం కుర్చీలు బయట వేసుకుని కూర్చుంటాం. కొత్తగా వచ్చే బళ్ళు రివర్స్‌లో చోటులోకి దూరడం చూడ్డానికి. నాటకం కూడా అంత బావుండదు. మొగుడు స్టీరింగు దగ్గర, పెళ్ళాం వెనకాల నిలబడి చేతులతో దారి చూపిస్తుంటుంది. నిన్నొకావిడ, "కుడికి! కుడికంటున్నానా! నీ కుడి కాదు, నా కుడి!" అని అరిచి అరిచి, చివరికి "నీ ఇష్టం, చెట్టునే గుద్దుకో" అని వెళ్ళి మాతోపాటు కుర్చీలో కూర్చుంది. ఆయన గుద్దనే గుద్దాడు. రాత్రి ఇద్దరూ ఒకే పళ్ళెంలో ఐస్‌క్రీం తింటున్నారు.

నీ దారి సంగతి చదివాను. మీ ఊళ్ళో చర్చి ముందు ఖాళీ స్థలం ఉంటుందా? బండి అక్కడ పెట్టి మీ ఇంటికి నడిచి వస్తే? ఊరికే అడిగాను.

జూలైకల్లా వద్దామనుకున్నాం గానీ, ఇంత దూరం వచ్చి ఎల్లోస్టోన్ చూడకపోతే ఎలా? మేం అటు తిరిగి వస్తాం. ఆగస్టు అనుకో. వయోమింగ్‌లో కోడీ ఊరికి రాయి.

వెర్డా


జూలై 20, 1978
ఓరెగాన్

అక్కా,

చర్చి నాకు పదకొండు మైళ్ళు. నీ కాళ్ళంత గట్టివి నావి కావు కాబట్టి ఎదురు రాలేను.

అది వదిలెయ్. మా పక్క తోట లవీనా, దాని మొగుడు క్లైడ్ మొన్న వాళ్ళ మోటార్‌హోంలో ఎల్లోస్టోన్ వెళ్ళొచ్చారు. ఒహాయో నంబరు బండిలో ఒకావిడ కలిసిందిట. చెల్లెలికి ఓరెగాన్‌లో హేజల్ తోట ఉందని, దాని పేరు ఓపల్ అని చెప్పిందిట. ఆ ఓపల్ నేనేనని వీళ్ళకి ఇంటికొచ్చాకే వెలిగింది. బండి మెట్టు దగ్గర మగాడి బూట్లు ఉన్నాయిట, పడవలంత. "మీవారేరీ, డొలోరెస్?" అని క్లైడ్ అడిగితే, "హ్యాంక్ పడుకున్నాడు, లేపకండి," అన్నావుట.

డొలోరెస్ ఎవరే అక్కా? పేరు కూడా మార్చుకున్నావా?

"మేం వస్తాం, మేం వద్దామనుకున్నాం" అని నువ్వు రాస్తుంటే పెద్దదానివి కదా, గౌరవంగా రాసుకుంటున్నావనుకున్నాను. ఇప్పుడర్థమైంది ఆ మేం ఎవరో. నీకొక తోడు దొరికితే నాకు కుళ్ళనుకున్నావా? అరవై రెండేళ్ళకి నీకు మగాడు దొరికాడంటే ఊరంతా స్వీట్లు పంచేదాన్ని. దాచడమే బాలేదు. చర్చి ముందు బండి పెడతాననడం కూడా అందుకేగా. నేను చూడకూడదని.

ఆయన ఏం తింటాడో రాయి.

ఓపల్


ఆగస్టు 5, 1978
మౌంటెనా

ఓపల్‌కి,

కోడీ వెళ్ళలేదు. మకాం బాలేదని విన్నాను. నువ్వు అక్కడికి రాసి ఉంటే ఐడహోలో బాయిసీకి పంపెయ్యమని అక్కడి పోస్టాఫీసుకి కార్డు రాశాను. అందుకని నువ్వేం రాశావో తెలియకుండానే ఇది రాస్తున్నాను. మంచి మాటలే రాసుంటావు.

కొండ దిగేటప్పుడు బ్రేకు తొక్కిపెట్టి ఉంచకూడదని తెలుసుకున్నాను. చక్రాల్లోంచి పొగొచ్చాక తెలుసుకున్నాను. చిన్న గేరు వేసుకుని, వెనక ఎంతమంది హారన్ కొట్టినా మన మానాన మనం దిగాలి. ఇంకోటి, ఎదురుగా మోటార్‌హోం వస్తే చెయ్యి ఊపాలి. తప్పనిసరి. నిన్న వంద మందికి ఊపాను. భుజం నొప్పి.

మేం బావున్నాం. కాస్త దక్షిణానికి పోయి ఉప్పు సరస్సు చూసి వద్దామనిపిస్తోంది. అంత దూరం ఎందుకంటావేమో. నాకు తొందరేముంది? సెప్టెంబరులో వస్తాం. మీ దారి వెడల్పెంతో కొలిచి రాయగలవా?

వెర్డా


ఆగస్టు 16, 1978
ఓరెగాన్

అక్కా,

ఎల్లోస్టోన్ అయింది. మౌంటెనా అయింది. ఇప్పుడు ఉప్పు సరస్సు. దేశంలో చూడ్డానికి మిగిలింది నా ఇల్లొక్కటే అనుకుంటా, దాన్ని చివర్న పెట్టుకున్నావు.

దారి తొమ్మిదడుగుల నాలుగంగుళాలు. కొలిచాను. నాకిష్టమై కాదు, అడిగావు కాబట్టి.

మీకు పెళ్ళయిందో లేదో అదైనా చెప్పు, మంచాలు దాన్నిబట్టి వేస్తాను. రాకూడదనుకుంటే అదీ చెప్పు. నిలబడి దారి చూడడం ఒకసారి చేశాను. రెండోసారి చెయ్యలేను.

ఓపల్


సెప్టెంబరు 2, 1978
బాయిసీ

ఓపలూ,

రెండు ఉత్తరాలూ ఒకేసారి చేతికొచ్చాయి. పోస్టాఫీసు బెంచీ మీదే కూర్చుని చదివాను. మొదటిది చదివి పొట్ట పట్టుకుని నవ్వాను. రెండోది చదివి ఏడ్చాను. కిటికీ వెనకాయన లేచొచ్చి మంచినీళ్ళిచ్చాడు.

హ్యాంక్ లేడు. ఎప్పుడూ లేడు. ఆ బూట్లు బ్యూలా సలహా. "ఒంటరిదానివని ఎవడికీ తెలియనక్కర్లేదమ్మా. మెట్టు దగ్గర మగాడి బూట్లు పెట్టు. పెద్దవి. కాస్త బురద పూసి మరీ పెట్టు," అంది. పాత సామాన్ల కొట్లో పన్నెండో నంబరువి దొరికాయి. ఇక పేర్లు. బండి వెనక పాత యజమానులు చెక్కించుకున్న చెక్క పలక ఉంది: "హ్యాంక్, డొలోరెస్. మాకేం తొందర లేదు." దాని మరలు తుప్పు పట్టి ఊడి రాలేదు. దాంతో ఎక్కడ ఆగినా, "డొలోరెస్, హ్యాంకేడీ?" అని వచ్చేస్తారు. కాదని చెప్పి చెప్పి విసుగొచ్చి, పడుకున్నాడని చెప్పడం మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి ఆయనకి అలవాట్లు కూడా వచ్చాయి. ఉల్లిపాయ పడదని ఒకావిడతో అన్నాను. పాపం, ఆయన కోసం ఉల్లిపాయ లేకుండా వేరే గిన్నెలో వండి పంపింది. నేనే తిన్నాను. చప్పగా ఉంది.

మేం అంటే నేనూ, బండీ. అంతే.

అసలు సంగతి ఇప్పుడు చెప్తున్నాను, నవ్వకు. నాకు రివర్స్ రాదు. వెనక నిలబడి చెయ్యి చూపించే మనిషి లేకుండా ఇంత పెద్ద బండిని వెనక్కి తియ్యడం నా వల్ల కాలేదు. ఒహాయో నుంచి ఇక్కడిదాకా ఒక్క గజం కూడా వెనక్కి నడపలేదు. ఒక పక్క దూరి ఇంకో పక్క బయటికొచ్చే చోట్లలోనే ఆగుతాను. కోడీలో అలాంటి చోటు లేదు, ఊరే వదిలేశాను. ఒకసారి పెట్రోలు బంకులో ముందు లారీ అడ్డంగా పెట్టి డ్రైవరు భోజనానికి పోయాడు. వాడు వచ్చేదాకా గంటన్నర కూర్చున్నాను. కుర్చీ వేసుకుని వాళ్ళనీ వీళ్ళనీ చూసి నవ్వేదాన్ని కదా, నా వంతొస్తే చూడ్డానికి ఎవరికీ అవకాశమివ్వలేదు. నీ దారి సంగతి చదివిన రోజు నుంచీ నిద్రలో కూడా నీ కాలవే కనబడుతోంది. ఎల్లోస్టోన్, మౌంటెనా, ఉప్పు సరస్సు, అన్నీ వంకలే.

పాత వంక కూడా చెప్పేస్తాను. గ్లెన్ పోయినప్పుడు వండేవాళ్ళు లేక కాదు. టిక్కెట్టు కొన్నాను. బస్సు స్టాండులో రెండు గంటలు కూర్చున్నాను. నీ మొహం చూసి ఏం చెప్పాలో తెలియలేదు. ఎవరికైనా కష్టమొస్తే వండి గిన్నె పట్టుకెళ్ళడం తప్ప నాకు ఇంకేం చేతకాదు. దేశం ఆ చివరికి గిన్నె ఎలా పట్టుకెళ్ళను? లేచి ఇంటికొచ్చేశాను. ఆ రోజు మాత్రం వెనక్కి తిరగడం బాగానే వచ్చింది. తప్పు నాదే ఓపల్. ఈ మాట రాయడానికి ఎనిమిదేళ్ళూ, ఒక బండీ పట్టాయి.

నువ్వు నా వెనకాల నిలబడతావా? ఇందులో ఒకటే నియమం. అద్దంలో చెయ్యి కనబడితేనే బండి కదలాలి. కనబడకపోతే ఎక్కడున్నదక్కడ ఆపెయ్యాలి. పెండిల్టన్‌కి రాయి.

నీ పిరికి అక్క


సెప్టెంబరు 11, 1978
ఓరెగాన్

అక్కా,

నవ్వకు అన్నావు కాబట్టి పొలంలోకి పోయి నవ్వాను. హ్యాంక్ లేడని లవీనాతో చెప్తే, "అయ్యో, ఎప్పుడు పోయాడు?" అంది. దాని కళ్ళల్లో నీళ్ళు. ఇప్పటికీ నమ్మదు.

క్లైడ్ మూడు సాయంత్రాలు నాకు చేతి గుర్తులు నేర్పాడు. తన బండి తెచ్చి మా దారిలో రివర్స్ చేశాడు, నేను వెనక నిలబడ్డాను. కుడి అంటే ఎవరి కుడి అని మొదటి రోజంతా కొట్టుకున్నాం. ఇప్పుడు గొడవ లేదు, కాలవ ఉన్న పక్కా కాలవ లేని పక్కా అనుకుంటున్నాం. రెండు చేతుల్లో తెల్ల దిండు గలేబులు పట్టుకుంటాను, దూరం నుంచి కనబడడానికి. రెండూ నెత్తి మీద ఊపితే రా అని. రెండూ అడ్డంగా చాపితే ఆగు అని. కాయితం మీద బొమ్మలు వేసి పెడుతున్నాను. నీ బండి ఎత్తు కాగితం పక్కన అంటించుకో.

బస్సు స్టాండు సంగతి ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. కోపం వచ్చింది. తర్వాత నువ్వు ఆ బెంచీ మీద పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నట్టు కళ్ళకి కట్టింది. ఏం చెప్పక్కర్లేకపోయింది అక్కా. వచ్చి నా పొయ్యి దగ్గర నిలబడి ఉంటే సరిపోయేది. ఇప్పుడు నిలబడినా సరిపోతుంది.

పక్క పరిచాను.

ఓపల్


సెప్టెంబరు 26, 1978
పెండిల్టన్ (కార్డు)

శనివారం మధ్యాహ్నం ఉత్తరాల డబ్బా దగ్గరుంటాను. బొమ్మలు అంటించాను. నీ బొమ్మకి ముక్కు అంత పెద్దగా వేసుకోనక్కర్లేదు. భయంగా ఉంది. వస్తున్నాను.
వెర్డా


అక్టోబరు 1, 1978, ఆదివారం పొద్దున్న
మా పెరడు, నీ బండి వైపర్ కింద

అక్కా,

నీకూ నాకూ నడుమ ముప్పై అడుగులే ఉంది. నీ గురక వినబడుతోంది కూడా. అయినా ఉత్తరమే రాస్తున్నాను. నిన్న సాయంత్రమంతా కోళ్ళ గురించీ, ఈ ఏటి కాయల గురించీ మాట్లాడుకున్నాం తప్ప ఒక్కటీ సరైన మాట అనుకోలేదు. నోటితో చెప్పబోతే ఏడుస్తానని భయం.

నీకు నడిపే కంగారులో తెలిసిందో లేదో, లవీనా చుట్టుపక్కల వాళ్ళందర్నీ పోగేసింది. పన్నెండు మంది రోడ్డు మీద కుర్చీలు వేసుక్కూర్చున్నారు. ఒకాయన చిరుతిళ్ళు కూడా తెచ్చుకున్నాడు. పావుమైలుకి మనకి పట్టింది యాభై నిమిషాలు. క్లైడ్ గడియారం చూశాడు. లవీనా అయితే నీ కిటికీలోకి తొంగి చూసి, "నిజంగా ఎవరూ లేరే!" అంది దిగులుగా.

దారి సగంలో ఏమైందో నీకు చెప్పాలి. అద్దంలో నీ మొహం చూశాను. నాలిక పళ్ళ మధ్య పెట్టుకుని, కళ్ళు ఇంతింత చేసుకుని నన్నే చూస్తున్నావు. చిన్నప్పుడు సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు పెట్టే మొహం. గ్లెన్ పోయిన తర్వాత ఇన్నేళ్ళలో నా వంక అంత ఇదిగా చూసినవాళ్ళు లేరు. నాకు ఏడుపు ఆగలేదు. గలేబులు రెండూ మొహానికి అడ్డం పెట్టుకున్నాను. చేతులు కనబడలేదు కదా, నువ్వు ఆపేశావు. అవతల రోడ్డు మీద వాళ్ళు ఏమైందని అరుస్తున్నారు. నువ్వు హారన్ కొట్టలేదు, కిందికి దిగలేదు, తొందర పెట్టలేదు. నేను కళ్ళు తుడుచుకుని మళ్ళీ చేతులెత్తేదాకా అలాగే ఉన్నావు. ఎంతసేపైనా ఉండేదానివి. నాకు తెలిసింది. నీ మీద ఉన్న కోపమంతా ఆ కాసేపట్లోనే పోయింది.

బట్టల తీగ స్తంభం పడిపోవడం నా తప్పు. నువ్వు పెరట్లోకి వచ్చేశావన్న సంతోషంలో గలేబులు నెత్తి మీద తెగ ఊపాను. నువ్వు దాన్ని రా అనుకున్నావు. నా దుప్పట్లన్నీ నీ బండి మీద పడ్డాయి. కుర్చీలు మోసుకుంటూ వెనకాలే వచ్చిన వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. స్తంభం ఎలాగూ పాతదే.

ఇప్పుడు అసలు విషయం. కాయల పని నవంబరు మొదటి వారానికి అయిపోతుంది. తర్వాత నాకిక్కడ వాన చూడ్డం తప్ప పని లేదు. నిన్న మాటల్లో నువ్వు చలికాలానికి అరిజోనా ఎడారికి పోతానన్నావు. నీ వెనక నిలబడే మనిషి లేకపోతే ఎడారి అంతా ముందుకే నడుపుతావు. నేనూ వస్తాను. కోళ్ళని క్లైడ్ చూసుకుంటాడు. బురదలో బండి బయటికి రావాలిగా అంటావు. దారి పొడవునా కంకర పోయించడానికి క్లైడ్‌తో మాట్లాడాను. పొద్దున్నే లేచి ఆ పలక మరలకి నూనె వేసి నానబెట్టాను. ఊడి వస్తే రెండో వైపు నీ పేరూ నా పేరూ రాస్తాను. తొందర లేదన్న మాట మాత్రం మార్చను.

లేచాక లోపలికి రా. పొయ్యి వెలిగించి ఉంచాను. నేను వండలేదు. నువ్వు వండు.

ఓపల్

తా.క. దిగేటప్పుడు మెట్టు చూసుకో. హ్యాంక్ బూట్లు ఎండకీ వానకీ పాడైపోయాయి, తీసేశాను. వాటి బదులు గ్లెన్‌వి పెట్టాను. ఇన్నేళ్ళూ షెడ్డులో ఊరికే పడున్నాయి. ఎడారిలో ఎవరైనా వచ్చి మీ మగాడేడని అడిగితే, గ్లెన్ పడుకున్నాడని చెప్పు. అది అబద్ధం కూడా కాదు.